సూరిగాడికి ఉత్తరం

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరే సూరీ,

ఏటిరా, రాజమండ్రిలో హోటల్ పనులు ఎంతవరకు వచ్చాయి? వంట మాస్టర్లు దొరకట్లేదని మొన్న వాపోయావు. అది ఫోన్లో తెమిలే మాట కాదని ఇలా కూర్చున్నాను.

అడవివరం సెంట్రల్ జైల్లో శిక్ష పూర్తి చేసుకుని వచ్చిన ఒకతన్ని మా హోటల్ టిఫిన్ సెక్షన్లో పెట్టుకున్నానని చెప్పాను కదా. లోపల ఏళ్ల తరబడి వంటశాలలోనే చేశాడు. వందలమందికి సాంబారు కాచిన చెయ్యి. మొదటిరోజు ఇరవైమందికి కాయమంటే ఉప్పెంతో అందక గరిటె పట్టుకుని నిలబడిపోయాడు! ఉల్లిపాయలు తరిగాక కత్తి కడిగి, తుడిచి, గల్లా దగ్గరికొచ్చి నాకు అప్పజెప్పాడు. అక్కడ కత్తులు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటారట. "నీ బల్ల మీదే ఉంచుకో" అంటే నమ్మలేనట్టు చూశాడు. కత్తి అక్కడే వదిలి గదికి వెళ్లడానికి మూడు వారాలు పట్టిందిరా. ఇప్పుడు పొద్దున్న పెసరట్టు పెనం దగ్గర అతను లేకపోతే నాకు కాళ్లూచేతులూ ఆడవు.

పని ఇస్తే చాలనుకున్నాను. కాదు. గది దొరకలేదు. ఆరిలోవలో సంగతి తెలిసి ముగ్గురు ఇంటివాళ్లు కాదన్నారు, చివరికి నేను పూచీ ఉన్నాను. బ్యాంకు ఖాతా ఎప్పుడో మూలపడింది. నెలాఖరు దాకా చేతిలో పైసా లేకుండా ఎలా బతుకుతాడు? అందుకే వారంవారం జీతం ఇచ్చాను. అతని కేసేమిటో మాత్రం వంటింట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలో వద్దో అతని ఇష్టం.

ఇంగ్లండ్‌లో 2009లో హై డౌన్ అనే జైల్లోనే క్లింక్ అని రెస్టారెంటు తెరిచారు. ఖైదీలే వండి వడ్డించాలి, బయటివాళ్లు వెళ్లి తినాలి, అదీ ఏర్పాటు. నాకు బాగా నచ్చింది ఆ వంట నేర్పడం కాదు. విడుదలయ్యాక కూడా వాళ్ల మనిషి ఒకరు వెంట ఉండి పని, గది చూసుకోవడంలో సాయపడతారు. మన కేరళలో జైలు చపాతీలు జనం కొనుక్కుని తింటారు. వాళ్ల చేతివంట తినడానికి లేని జంకు, పని ఇచ్చేటప్పుడే ఎందుకురా?

లోపల ఇతని పక్కన పరోటాలు చేసినవాడు వచ్చే నెల బయటికొస్తున్నాడట. మీ ఊరివాడే. తీసుకోరా. గది ముందే చూసి ఉంచు. జైలు గేటు దగ్గరికి అతని ఇంటివాళ్లెవరూ రారట, మనిద్దరం వెళదాం. తేదీ తెలియగానే ఫోన్ చేస్తాను.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రమణ