నిద్ర ఆపే మాత్రలు చీటీ లేకుండా అమ్మనివ్వొద్దు

సంపాదకుల వారికి,

మా పాలకొల్లు, భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్లు, నీట్‌కి చదివే పిల్లలు నిద్ర రాకుండా మోడాఫినిల్ మాత్రలు వేసుకుంటున్నారు. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందు ఇది. కొన్ని షాపుల్లో పేరు చెబితే చాలు, ఇచ్చేస్తున్నారు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇది చూస్తుంటే భయంగా ఉంది.

కాఫీ లాంటిదేగా అంటారు. కాదు. ఈ మందు మెలకువగా, ఉత్సాహంగా ఉంచే డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని కణాలు తిరిగి లోపలికి తీసుకోకుండా అడ్డుపడుతుంది. గాబా అనే ఇంకో మెదడు రసాయనం మీద కూడా దీని ప్రభావం ఉంది. మెదడు కణాలు ఒకదాన్నొకటి ఉత్తేజపరచుకోవడమే కాదు, అదుపులో కూడా పెట్టుకుంటాయి. ఆ అదుపు సంకేతాన్ని మోసే ముఖ్యమైన రసాయనం గాబా. మన కాలువలకు లాకులు చేసే పనే మెదడులో అది చేస్తుంది. ఎలుకలకు మోడాఫినిల్ ఇచ్చి చూస్తే మెదడు పైపొరలోనూ, నిద్రా మెలకువలను నడిపే హైపోథాలమస్‌లోనూ గాబా విడుదల తగ్గింది. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికే 12 నుంచి 15 గంటలు పడుతుంది. అందుకే పొద్దున పడుకుందామన్నా నిద్ర పట్టదు. అప్పుడు కొందరు నిద్ర కోసం ఆల్ప్రాజోలం అనే మత్తు మాత్ర వేసుకుంటున్నారు. అది గాబా పనిని పెంచే మందు. రాత్రి తగ్గించి, పగలు పెంచి, 17 ఏళ్ల పిల్లాడి మెదడుని ఏం చేద్దామని? చదివింది మనసులో కుదురుకునేదే నిద్రలో కదా!

నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు ఉన్నవాళ్లకు మోడాఫినిల్ నిజంగా అవసరమైన మందే. అమెరికా 1998లో అనుమతించింది కూడా ఆ జబ్బుకే. మానసిక సమస్యలు, తీవ్రమైన చర్మ వ్యాధులు రావచ్చని ఐరోపా మందుల సంస్థ 2010లో దీన్ని నార్కోలెప్సీకే పరిమితం చేయమంది. గర్భనిరోధక మాత్రల ప్రభావాన్నీ ఇది తగ్గిస్తుంది. నైట్ డ్యూటీలు చేసే ఆడవాళ్లకు షాపులో ఈ మాట ఎవరు చెబుతున్నారు?

తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ ఆగితే పంట పోతుంది, నిజమే. అలాంటప్పుడు రైతులు ఇద్దరిని పెట్టి వంతులవారీగా కాపలా ఉంచాలి. ఒక్కడినే మాత్రలతో తెల్లార్లూ కూర్చోబెట్టడం అన్యాయం. హాస్టళ్లలో అర్ధరాత్రి దాకా స్టడీ అవర్లు ఆపాలి. పరీక్షల సీజన్ మొదలవకముందే ఔషధ తనిఖీ అధికారులు షాపుల్లో ఈ మందు కొనుగోలు బిల్లులు, డాక్టర్ల చీటీలు సరిపోల్చి చూడాలి. చీటీలు చూపలేని షాపుల లైసెన్సు సస్పెండ్ చేయాలి.

- ఒక రిటైర్డ్ అధ్యాపకుడు, పాలకొల్లు