రక్షణకు రేటు కట్టే కరపత్రాలు

సంపాదకుడు గారికి,

సార్వా మాసూళ్లు అయి దాళ్వా నాట్లు పడే రోజుల్లోనూ, ఆ తరవాత ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాల్లోనూ మన డెల్టాలో ఉజ్జీవ కూటాలు, అంటే క్రైస్తవ ప్రార్థన సభలు, జోరుగా సాగుతాయి. వాటి కరపత్రాలు పొద్దున్నే పేపరు మడతలోంచి జారిపడతాయి. చాలావాటితో ఏ పేచీ లేదు. తేదీ, స్థలం, వాక్యం చెప్పేవారి పేరు, అంతే. కొన్నిటి అడుగున మాత్రం వేరే వరస కనబడుతోంది. ఇంత మొత్తం ‘విత్తన కానుక’ పంపిన కుటుంబానికి రక్షణ (పాపం నుంచి విడుదల), దీవెన. ప్రార్థన నూనె సీసా ఇంత. విశ్వాసంతో రాసుకుంటే షుగరు, పక్షవాతం, మూర్ఛ పోతాయి. బయటివాళ్లు ఇది చదివి, క్రైస్తవులు నమ్మేది ఇదే కాబోలు అనుకుంటున్నారు. సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లలోనూ కొందరు అలాగే అనుకుంటున్నారు, అదీ అసలు బెంగ. ఎందుకంటే క్రైస్తవ సిద్ధాంతం చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు.

బైబిల్లో ఎఫెసీ పత్రిక, అంటే ఎఫెసు సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన లేఖ, 2వ అధ్యాయం 8, 9 వచనాలు సండే స్కూలు పిల్లలకు కంఠతా వస్తాయి: ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే.’ వల్లించేటప్పుడు అందరూ దాటిపోయే చోటు ఒకటుంది. కృప ‘చేత’, విశ్వాసము ‘ద్వారా’. రక్షించేది కృప, అంటే మన అర్హత చూడకుండా దేవుడు చూపే దయ. విశ్వాసం అది వచ్చే దారి మాత్రమే. ధవళేశ్వరం దగ్గర మళ్లిన గోదావరి కాలవలోకి, కాలవ నుంచి తూములోంచి బోదెలోకి, బోదె నుంచి మడిలోకి వస్తుంది. తూము లేకపోతే మడి తడవదు, నిజమే. కానీ తూము నీళ్లను పుట్టించదు, పంట నావల్లే పండిందని వాటా అడగదు.

ఇక విశ్వాసం అంటే ఏమిటన్నది. దైవశాస్త్రం బోధించేవారు దీన్ని మూడుగా విడదీస్తారు: తెలుసుకోవడం, ఒప్పుకోవడం, ఆనుకోవడం. తెలుగులో ఇంత విడదీయక్కర్లేదు. నమ్మడానికీ నమ్ముకోవడానికీ ఉన్న తేడాయే ఇది. కాలవకు ఫలానా తేదీన నీళ్లు వదులుతారని తెలియడం ఒకటి. ఆ మాట నిజమేనని ఒప్పుకోవడం మరొకటి. ఆ మాట మీద విత్తనాలు నానబెట్టి నారు పోసేయడం నమ్ముకోవడం. మొదటి రెండింటి దగ్గరే ఆగితే చాలదని బైబిల్లోనే ఉన్న మరో లేఖ, యాకోబు పత్రిక (2:19), కాస్త కటువుగానే చెబుతుంది. దేవుడు ఒక్కడేనని దయ్యాలూ నమ్ముతాయట, నమ్మి వణుకుతాయట.

నమ్ముకున్నవాణ్ణి దేవుడు ఏం చేస్తాడన్న దానికి పౌలు వాడిన మాట ‘నీతిమంతుడుగా తీర్చడం’. ఇది కోర్టు భాష, తీర్పు భాష. మనిషి బాగుపడ్డాక ఇచ్చే సర్టిఫికెట్టు కాదు, దోషిగా నిలబడి ఉండగానే క్రీస్తును బట్టి వెలువడే తీర్పు. రోమా 4:4లో కూలి లెక్కతోనే విడమరిచాడు. పనిచేసినవాడికి ఇచ్చే జీతం బాకీ తీర్చడమే, దానం కాదు. చేలో సాయంత్రం కూలి చేతిలో పెట్టే రైతు దానం చేశానని చెప్పుకుంటే ఎవరైనా నవ్వుతారు. రక్షణకు మనం ఏదైనా చెల్లిస్తే అదీ ఈ లెక్కలోకే వస్తుంది. దేవుడు మనకు బాకీ పడతాడు, వరం అన్న మాటకు చోటుండదు.

అలాగైతే ఎలా బతికినా ఫరవాలేదా అని వెంటనే అడుగుతారు. పౌలు ఎంతకాలం కిందట పత్రిక రాశాడో ఈ ప్రశ్న వయసూ అంతే. ఎఫెసీ 2లోనే పదో వచనం సత్‌క్రియల కోసమే మనం సృష్టించబడ్డామంటుంది. కంఠతా పట్టించేవాళ్లు తొమ్మిదితో ఆపేయడం వల్ల వచ్చిన చిక్కిది. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు అంటే, అది పౌలుకు పోటీ అని కొందరు వాదిస్తారు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు గానీ చూపించిన రోజులు వేరు. పౌలు ఆదికాండము 15:6 తీసుకున్నాడు, అబ్రాహాము దేవుణ్ణి నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడిన రోజు. అప్పటికి అబ్రాహాముకు సున్నతి కాలేదు, అది 17వ అధ్యాయంలో గానీ రాదు. యాకోబు 22వ అధ్యాయం తీసుకున్నాడు, కొడుకు ఇస్సాకు పుట్టి ఎదిగాక అతణ్ణి బలి ఇవ్వడానికి సిద్ధపడిన రోజు. ఒకరు వేరు చూపిస్తే ఇంకొకరు కాయ చూపించారు. కాయ లేని చెట్టుకు ప్రాణముందా అని అడగొచ్చు. కాయలు తెచ్చి కొమ్మలకు కడితే మాత్రం ప్రాణం రాదు.

ఈ విషయంలో సంఘాల మధ్య తేడాలున్నాయి, దాచేదేమీ లేదు. 1517లో మార్టిన్ లూథర్ లేచింది పాపశిక్ష తగ్గింపు పత్రాల అమ్మకం మీదే. మన కరపత్రాలకు అవి ముత్తాతల వంటివి. 1547లో ట్రెంట్ మహాసభలో కతోలిక సంఘం తన మాట వేరుగా చెప్పింది. కానీ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కతోలిక ప్రతినిధులే కూర్చుని, మన యోగ్యత వల్ల కాక కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఉమ్మడిగా సంతకాలు చేశారు. బాప్తిస్మం సంగతీ అంతే. లూథరన్‌లు పసిపిల్లలకు ఇస్తారు, బాప్టిస్టులూ బ్రదరన్‌వారూ నమ్మి ఒప్పుకున్నవారిని నీళ్లలో ముంచుతారు. అర్థం విషయంలో ఒకరితో ఒకరు ఏకీభవించరు గానీ దానికి రుసుము పెట్టమని ఏ ఒక్క సంఘపు బోధా చెప్పదు. 1836లో ఈ దేశానికి వచ్చి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పనిచేసిన బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్ అయితే తమకే నెల జీతం కట్టుబాటు లేకుండా వచ్చినవారు.

కరపత్రాల వల్ల డబ్బు పోవడం చిన్న నష్టం. పెద్ద నష్టం విశ్వాసాన్ని కొలతగా మార్చడం. నూనె రాసుకున్నా జబ్బు తగ్గకపోతే ‘నీకు విశ్వాసం చాలలేదు’ అంటారు. అంటే విశ్వాసమూ ఒక క్రియే అయిపోయింది, ఇన్ని కుంచాలు కొలిచి పోస్తే ఇంత ఫలం అన్నట్టు. మంచాన పడ్డ మనిషికి జబ్బుతో పాటు నేరం కూడా అంటగట్టినట్టవుతుంది. నూనెకు ఆధారంగా చూపేది యాకోబు 5:14. అక్కడ ఉన్నదేమిటో ఒకసారి చదవండి. సంఘపెద్దలే రోగి దగ్గరికి రావాలి. ప్రార్థన చేసేది వాళ్లు, విశ్వాసం ఉండాల్సింది వాళ్ల ప్రార్థనలో. వెల మాట లేదు, సీసా మాట అసలే లేదు. పౌలు తోటి పనివారిలో తిమోతికి కడుపు జబ్బు ఉండేది, త్రోఫిము జబ్బుతో మిలేతులో ఆగిపోయాడు, పౌలుకే ‘ఒంట్లో ముల్లు’ అని తాను చెప్పుకున్న బాధ పోలేదు. వీళ్లకు విశ్వాసం చాలలేదని ఏ కరపత్రం రాస్తుంది?

దీనితో మందులు ఆపేస్తే జరిగేది ఇది. మామూలు క్షయకు సాధారణంగా 6 నెలలు మాత్రలు వాడాలి. మొదటి కొన్ని వారాల్లోనే దగ్గు, జ్వరం తగ్గి ఆకలి పుడుతుంది. వేదిక మీద సాక్ష్యం చెప్పించేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు మాత్రలు మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా తయారుకావచ్చు, ఇంట్లోవాళ్లకూ అవే అంటుకోవచ్చు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి రావొచ్చు. ఇన్సులిన్ మీదే బతికేవారు దాన్ని ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ప్రార్థన చేయించుకోండి, మాత్ర వేసుకోండి. రెండింటికీ పోట్లాట పెట్టింది కరపత్రం రాసినవాళ్లే.

కానుక ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. 2 కొరింథీ 9:7 ప్రకారం అది బలవంతం లేకుండా, ఎవరి మనసులో నిశ్చయించుకున్నట్టు వారు ఇచ్చేది. రక్షణ ముందు, కానుక ఆ తరవాత, కృతజ్ఞతగా. వరస తిరగబడితే ఏమవుతుందో సీమోను గారడీవాడి కథలో ఉంది (అపొ. కార్యములు 8). దేవుని వరాన్ని డబ్బుతో కొనబోతే, నీ వెండి నీతోనే నశించుగాక అన్నాడు పేతురు. ప్రవక్త ఎలీషా మాట విని కుష్ఠు పోగొట్టుకున్న సేనాపతి నయమాను ఇవ్వబోయిన బహుమతి ఎలీషా ముట్టలేదు. వెనక పరిగెత్తి వెండీ రెండు జతల బట్టలూ తెచ్చుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటుకుంది. సంఘం డబ్బు మోసేటప్పుడు పౌలు కూడా నింద రాకూడదని తోడు మనుషులను పంపాడు (2 కొరింథీ 8). కూటాలు పెట్టేవారికి అదే నియమం చాలు. కానుక సంచి అక్కడే, ఇద్దరికి తక్కువ కాకుండా లెక్కపెట్టాలి, మొత్తం పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి, పందిరి, మైకు, భోజనాల ఖర్చు చదివి వినిపించాలి. ఒకరి సొంత ఫోనుకు కానుక పంపమన్నారంటే అక్కడే ఆగి అడగాలి.

చివరగా మీ పత్రిక వైపు సంగతి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తాయెత్తు, మంత్రం, కవచం వంటివాటి మహిమతో రోగాలు పోతాయనే ప్రకటనలను నిషేధిస్తుంది. దాని జాబితాలో మధుమేహం, పక్షవాతం, మూర్ఛ, క్యాన్సర్ ఉన్నాయి. ప్రకటన అంటే పేపర్లో పడేదే కాదు, నోటీసు, కరపత్రం, లేబులు కూడా. అది ఏ మతానికీ ప్రత్యేకం కాదు. నూనె సీసా దాని కిందికి వస్తుందో రాదో తేల్చేది కోర్టు. అయినా కూటం ప్రకటన మీ బల్ల మీదికి వచ్చినప్పుడు రోగం పేరు, రూపాయల అంకె, ఈ రెంటిలో ఏదున్నా దాన్ని తీసేసి రమ్మనండి. తేదీ, స్థలం, వాక్యం చెప్పేవారి పేరు వేస్తే కూటానికి వచ్చేవాళ్లు వస్తారు. పేపరు మడతలో కరపత్రం పెట్టేది మీరు కాదు, ఊళ్లో ఏజెంటు. కాబట్టి ఈ మాట ఏజెంట్లకూ చెప్పించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు