కడపలో డిక్ వాగ్నర్‌ను తలుచుకున్న రాత్రి: చెయ్యేసిన అందరికీ దండాలు

2014 ఆగస్టు 10, ఆదివారం, రాఖీ పున్నమి రాత్రి, ఎర్రముక్కపల్లిలో జేజి వాళ్ల మిద్దె మీదికి వచ్చినవాళ్లకు, రాలేకపోయినా సామాన్లు పంపినవాళ్లకు, పదిన్నర దాకా మా చప్పుడు ఓర్చుకున్న ఆ వీధివాళ్లకు ముందుగా దండాలు. రెండు రోజుల నుంచి ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటున్నా. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ‘మీ పేరు రాస్తున్నా’ అంటే ‘నా పేరెందుకులే, మిగతావాళ్లవి రాయి’ అన్నారు. అందరిదీ అదే మాట. మేము కూడిందే క్యాసెట్ అట్ట మీద పేరు పడని ఒక గిటారిస్టు కోసం, మీరు కూడా ఇట్లంటే ఎట్లా అని ఒకరిద్దరితో కొట్లాడినా. లాభం లేకపోయింది. సరే, పేర్లు రాయను. ఎవరు ఏం చేశారో మాత్రం వదిలిపెట్టను.

వచ్చిన నలభై మందిలో ముప్పై మందికి డిక్ వాగ్నర్ ఎవరో తెలియదు. నా మొహం చూసి వచ్చారు. వాళ్ల కోసం కొంచెం చెప్తా. 2014 జులై 30న అమెరికాలోని అరిజోనాలో ఆయన పోయాడు. 71 ఏళ్లు. రాక్ సంగీతంలో సెషన్ గిటారిస్టు, అంటే రికార్డింగు రోజు పిలిస్తే వచ్చి, వాయించి, డబ్బు తీసుకుని పోయే మనిషి. మన సినిమా పాటలకైనా అంతే గదా. క్యాసెట్ మీద పాడినవాళ్లు ఉంటారు, రాసినవాళ్లు ఉంటారు, సంగీత దర్శకుడు ఉంటాడు. పల్లవికీ చరణానికీ మధ్య ప్రాణం లాగేసే ఆ వేణువు ఎవరిదో, ఆ గిటార్ ఎవరిదో ఉండదు. మన కడప పెద్ద దర్గాకు ఏ.ఆర్. రెహమాన్ వస్తే చూడ్డానికి ఎగబడతాం. ఆయన కూడా కుర్రతనంలో ఇళయరాజా దగ్గర కీబోర్డు వాయించినవాడే. ఆయన పైకి వచ్చాడు కాబట్టి మనకు తెలిసింది.

నా సంగతే చూడండి. బెంగళూరులో చదివేటప్పుడు తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని, ఒక వైపు ఏరోస్మిత్, ఇంకో వైపు కిస్ అని రెండు అమెరికా రాక్ బ్యాండ్ల పాటలు ఎక్కించుకున్నా. అట్ట మీద బాల్‌పెన్నుతో నేను రాసుకున్న బ్యాండ్ల పేర్లు తప్ప ఏమీ లేవు. ఏరోస్మిత్ 1974 ఆల్బంలో ‘ట్రెయిన్ కెప్ట్ ఎ రోలిన్’ పాట, అందులో లీడ్ గిటార్, వినీ వినీ టేపు సాగిపోయింది. అది ఆ బ్యాండ్ గిటారిస్టు జో పెర్రీ వాయించాడనుకుని హాస్టల్ గోడకు ఆయన బొమ్మ అంటించి, అగరొత్తులు వెలిగించడం ఒక్కటే తక్కువ చేసినా. చానా ఏళ్ల తర్వాత నెట్ సెంటర్‌లో కూర్చుని చదువుతుంటే తెలిసింది, ఆ లీడ్ వాయించింది డిక్ వాగ్నర్, స్టీవ్ హంటర్ అని ఇద్దరు బయటివాళ్లని. కంపెనీ వేసిన అసలు అట్ట మీద కూడా వాళ్ల పేర్లు లేవు. క్యాసెట్ తిప్పితే రెండో వైపూ ఆయనే. కిస్ 1976లో తెచ్చిన ‘డిస్ట్రాయర్’లో ‘స్వీట్ పెయిన్’ అనే పాటకు సొంత గిటారిస్టు ఏస్ ఫ్రేలీ వాయించిన సోలోను, అంటే పాట మధ్యలో గిటార్ ముందుకొచ్చే ముక్కను తీసేసి, ప్రొడ్యూసర్ బాబ్ ఎజ్రిన్ ఆ చోట వాగ్నర్‌తో వాయించి పెట్టాడు. పేరు వేయలేదు. అంటే రెండు వైపులా ఒకే మనిషి వాయించిన క్యాసెట్‌ను జేబులో పెట్టుకుని తిరిగినా, ఆ మనిషి పేరు తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది.

పేరు పడిన చోట్లూ ఉన్నాయి, లేవని కాదు. అమెరికా రాక్ గాయకుడు లూ రీడ్ 1973 డిసెంబరు 21న న్యూయార్క్‌లో చేసిన కచేరీ ఆల్బంగా వచ్చింది. అందులో వాగ్నర్, హంటర్ ఇద్దరి గిటార్లూ జోడెడ్ల మాదిరి పోతాయి. ఆదివారం మావాడొకడు మైకు పట్టుకుని, ఆ కచేరీ మొదట్లో వచ్చే పొడుగు గిటార్ ముక్క వాగ్నర్ కట్టిందే అన్నాడు. కాదు, అది స్టీవ్ హంటర్‌ది. పోయినాయన మీద ప్రేమ ఉంటే ఉండనీ, పక్కాయన సొత్తు తెచ్చి ఆయనకు రాసిస్తే ఎట్లా? మైకులో దిద్దడానికి మొహమాటపడినా, ఇక్కడ దిద్దుతున్నా.

2007లో ఆయనకు గుండెపోటు, పక్షవాతం రెండూ వచ్చాయి. ఎడమ చెయ్యి పడిపోయింది. గిటార్ మెడ మీద తీగలు నొక్కేది ఆ చెయ్యే. ఆ చేత్తోనే మళ్లీ సాధన చేసి, కొన్నేళ్లకు తిరిగి స్టేజీ ఎక్కాడు. ఇంత తెలిసినాక ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని పాట పెట్టుకుని ఊరుకోబుద్ధి కాలేదు.

ఇంక సాయాల సంగతి. మొదట మాట్లాడుకున్న హాలువాళ్లు నాలుగు రోజుల ముందు ‘శ్రావణం, పెండ్లి బేరం తగిలింది’ అని అడ్వాన్సు తిరిగి చేతిలో పెట్టారు. ఎవరో తెల్లోడు చచ్చిపోతే మీకేంది నొప్పి అని కూడా అడిగారు. ఆ మాట విని జేజి, ‘మా మిద్దె మీద ఏమన్నా ముండ్లుండాయా?’ అన్నది. అంతే, చోటు కుదిరింది. జేజి నాకు చుట్టం కాదు, నా స్నేహితుడి వాళ్ల జేజి. అయినా ఆమె ముందర మేమంతా మనవళ్లమే.

అసలు ప్రమాదం గిటార్ చప్పుడు పెంచే ఆంప్లిఫయర్ దగ్గర జరిగింది. స్నేహితుడి తమ్ముడు అమెరికా నుంచి తెచ్చుకున్న చిన్న వాల్వు ఆంప్ ఇచ్చాడు. దాని వెనక 120 వోల్టులని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఇంజనీరింగ్ చదివిన నేను ప్లగ్గు మాత్రం మార్చి, నేరుగా మన 230లో పెట్టినా. టప్‌మన్నది, కాలిన వాసన. శుక్రవారం రాత్రి తొమ్మిది గంటలకు అది సంకలో పెట్టుకుని ఏడు రోడ్ల దగ్గర సందులో ఉన్న రేడియో మామ దగ్గరికి పరుగెత్తినా. ఇప్పుడు ఆయన చేసేదంతా చార్జింగ్ లైట్లు, మిక్సీలు. వెనక మూత తీసి లోపల గాజు వాల్వులు చూసేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. ‘ఇది మన మర్ఫీ రేడియోనే గదరా అబ్బయ్యా! స్టేషన్లు పట్టుకోవడం ఒక్కటే రాదు దీనికి’ అన్నాడు.

ముందు ఫ్యూజు పోవడం వల్ల ట్రాన్స్‌ఫార్మర్ బతికింది. ఒక కెపాసిటర్ ఉబ్బింది. నేను వేలు పెట్టబోతే చెయ్యి మీద ఒకటి వేశాడు. తీగ పీకినా ఆ కెపాసిటర్లలో కరెంటు నిలబడి ఉంటుందట, ముట్టుకుంటే కొడుతుందట. దాన్ని మార్చి, తర్వాత అటక మీద నుంచి దుమ్ము పట్టిన ఇనుప డబ్బా ఒకటి దించాడు. ఒకప్పుడు సౌదీకి పోయినవాళ్లు తెచ్చుకున్న 110 వోల్టుల సామాన్ల కోసం ఆయనే చుట్టిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అది. కొన్నేళ్లుగా ఎవరూ అడగలేదంట. రాత్రి పన్నెండున్నరకు ఆంప్ పలికింది. తీసుకున్నది నూటయాభై, అదీ కెపాసిటర్‌కు. మామా, నీ డబ్బా తెచ్చిస్తా, ఈ వారంలోనే.

ఆదివారం సాయంత్రం ఇంకో తంటా. గిటార్ తగిలించగానే గుయ్‌మని ఒకటే రొద. తీగలు ముట్టుకుంటే తగ్గుతుంది, వదిలితే మొదలు. వైరింగ్ చేసే తమ్ముడు వచ్చి బోర్డు కూడా విప్పకుండా ‘ఎర్త్ గుంత యాడుండాది?’ అన్నాడు. నాపరాళ్ల పక్కన గుంత ఎండి బీటలు వారింది. గుప్పెడు ఉప్పు వేసి రెండు బకెట్ల నీళ్లు పోశాడు. కుళాయి రాని రోజు డ్రమ్ములో నీళ్లు తీసినందుకు జేజి చేత తిట్లు తిన్నాడు గానీ, పది నిమిషాలకు రొద ముప్పాతిక పోయింది. మిగిలిన పావు మా గిటార్‌ది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

ఏడున్నరకు మొదలుపెట్టినాం. రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. షామియానా అన్నకు ఫోన్ చేస్తే జనరేటర్ పంపిస్తానన్నాడు, అరగంట పడుతుందన్నాడు. ఆ అరగంట గురించే చెప్పాలి.

ఆ రాత్రి చంద్రుడు మామూలు పున్నమి కంటే పెద్దగా ఉన్నాడు. లైట్లు పోయాక మిద్దెంతా తెల్లగా కనిపించింది. పక్క మిద్దె మీద సాయంత్రం నుంచి చేతులు కట్టుకుని నిలబడిన పెద్దాయన పిట్టగోడ దాటి వచ్చాడు. అంతకుముందు ఆయన్ను చూసి, తిట్టడానికి నిలబడ్డాడేమో అనుకున్నా. వచ్చి ఎలక్ట్రిక్ గిటార్ చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర ఒక తీగ మీటి, ‘ఇది పైకి పోయేకొద్దీ శ్రుతి జారతాండాది, సాయంత్రం నుంచి నా పండ్లు జిల్లుమంటాండాయి’ అన్నాడు. స్క్రూడ్రైవర్ అడిగి, సెల్‌ఫోన్ వెలుతురులో, తీగలు ఆనే బ్రిడ్జి మీది మరలు తిప్పి సరిచేశాడు. ఎనభైల్లో వినాయక చవితి పందిళ్లలో, పెండ్లిళ్లలో ఆర్కెస్ట్రాలకు గిటార్ వాయించేవాడంట. ‘గోడ పోస్టర్ మీద సింగర్ పేరు వేసి, కింద చిన్నగా బృందం అని వేసేవాళ్లు. ఆ బృందం నేనే’ అన్నాడు. అందరం నవ్వినాం. ఆయన నవ్వలేదు, మరలు తిప్పుకుంటున్నాడు.

కరెంటు లేదు కాబట్టి మామూలు చెక్క గిటార్ తీసి ‘ఓన్లీ విమెన్ బ్లీడ్’ (నెత్తురోడేది ఆడవాళ్లే) మొదలుపెట్టినా. ఆలిస్ కూపర్ 1975లో పాడిన పాట, వాగ్నర్, ఆయన కలిసి రాసింది. ఆలిస్ కూపర్ అంటే మెడలో పామేసుకుని జనాన్ని జడిపించే మనిషి, ఆయన నోట ఇంత మెత్తని పాట వస్తుందని ఎవరూ అనుకోరు. జేజి మెట్ల మీద కూర్చుని ‘ఏమంటాండాడు ఈ పాటలో?’ అని అడిగింది. మొగుడి చేత దెబ్బలు తినే ఆడదాని పాట జేజీ అన్నా. ఆమె కాసేపు ఏమీ అనలేదు. ‘అమెరికాలో గూడా కొడతారా?’ అన్నది. కొడతారు జేజీ అన్నా. ‘అయితే పాడు’ అన్నది. పాట పేరు చూసి అప్పట్లో అక్కడ గొడవలైతే, రికార్డు మీద ‘ఓన్లీ విమెన్’ అని సగం పేరే వేసి అమ్మారు. అయినా అమెరికా పాటల పట్టికలో 12వ స్థానం దాకా పోయింది. ఇదంతా జేజికి చెప్పలేదు. చెప్పే సందర్భం కాదనిపించింది.

రెండో చరణానికి పెద్దాయన ఇంకో గిటార్ తీసుకుని పక్కన కూర్చున్నాడు. ఆ పాట ఎప్పుడూ వినలేదంట. నా చేతి వేళ్లు చూసి కార్డ్స్ (కలిపి మీటే స్వరాల గుంపులు) పట్టుకుని, నేను వదిలే ఖాళీల్లో మాత్రమే వాయించాడు. నా పాట మీదికి ఒక్కసారి కూడా రాలేదు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో గిటార్ గోకుతున్నా, నా పక్కన ఎవరైనా అట్లా వాయించడం అదే మొదలు. పాట అయిపోయే సమయానికి వీధి చివర జనరేటర్ మొదలైంది. చప్పుడు వినపడకూడదని అన్న దాన్ని అంత దూరం పెట్టించి తీగ లాగించాడు. ఆ రాత్రంతా ఆ జనరేటర్ మీద నాకు కొంచెం కోపంగానే ఉండింది, అన్న ఏమీ అనుకోకూడదు. బాడుగ తీసుకోలేదు, డీజిల్ డబ్బులు చాలన్నాడు.

కారం దోశల బండి అక్క పిండి అయిపోయినా మళ్లీ ఇంటికి పోయి తెచ్చి, రాత్రి పదకొండుకు కూడా పెనం దించలేదు. బొరుగులు, బజ్జీలు ఎవరు పంపారో ఇప్పటికీ తేలలేదు. రాఖీ కట్టించుకోవడానికి అక్క ఇంటికి పోవాల్సిన ఇద్దరు తమ్ముళ్లు కుర్చీలు మోస్తూ ఉండిపోయారు. అక్కలకు నా తరఫున క్షమాపణ.

లెక్క కూడా చెప్పాలి. వచ్చింది 5,300. కుర్చీలకు, డీజిల్‌కు, దోశలకు, తీగలకు పోయి మిగిలింది 640. దాంతో పెద్దాయనకు కొత్త తీగల సెట్టు కొందామనుకున్నాం, ఆయన గిటార్‌కు రెండు తీగలు లేవు. ఆయన మాత్రం ‘ముందు మీరు మీ గిటార్‌కు మార్చుకోండి, వినలేకపోతాండా’ అన్నాడు. అయినా కొన్నాం, ఈ ఆదివారం ఇచ్చి వస్తాం.

మిద్దె మీద ఒక నల్ల తువ్వాలు, చిన్న పిల్ల చెప్పులు ఒక జత, స్టీలు టిఫిన్ డబ్బా మూత ఉండిపోయాయి. జేజి దగ్గరున్నాయి. ఎవరివో వచ్చి తీసుకుపోండి, పొద్దున పదిలోపల అయితే కాఫీ కూడా ఇస్తుంది.