మా ఆఫీసులో టీబీ బయటపడినప్పుడు అండగా నిలిచినవాళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నా పరీక్షలన్నీ పూర్తయ్యాయి. టీబీ జబ్బు లేదని తేలింది. ఈ కొన్ని వారాలూ నన్ను పట్టించుకున్నవాళ్లకి పేరుపేరునా ఫోన్ చేసి చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అందరికంటే ముందు మా సెక్షన్‌లోని పెద్దాయనకి. మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల ఆఫీసు. అకౌంట్స్ వాళ్లందరికీ కలిపి ఒకటే గది, కిటికీలు బిగించేసి పొద్దస్తమానం ఏసీ. తనకి టీబీ అని తెలిసిన రోజే ఆయన ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టారు: "నాకు టీబీ అని తేలింది. నాతో కూర్చున్నవాళ్లంతా వెళ్లి చూపించుకోండి. సిగ్గుపడాల్సిందేం లేదు." అది తీసేయమని పైనుంచి మాట వచ్చింది, పరువు పోతుందట. ఆయన తీయలేదు. అన్నయ్యా, మీరు దాచుకుని సెలవు పెట్టి ఉంటే మాలో ఒక్కరం కూడా పరీక్షకి వెళ్లేవాళ్లం కాదు.

తర్వాత మా పేట ఆశా అక్కకి. నాకు అప్పటికే దగ్గు ఉండటంతో ఇంట్లో ఒకటే గొడవ. అత్తయ్య నా కంచం, గ్లాసు విడిగా పెట్టేశారు. అక్క మా వరండాలో కూర్చుని, ఇది గాలి ద్వారా అంటుతుంది గానీ కంచాల ద్వారా కాదని ఓపిగ్గా చెప్పి, నా గ్లాసులోనే మంచినీళ్లు తాగి లేచింది. ఆ రాత్రికి కంచం మళ్లీ వంటింట్లోకి వచ్చింది.

ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్. కళ్లె పరీక్షంటే ఉమ్మి ఇచ్చేస్తే చాలనుకుంటారు చాలామంది. "ఉమ్మి వద్దు మేడమ్, లోపలి నుంచి రావాలి" అని, ముందు నోరు నీళ్లతో పుక్కిలించి, రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, అప్పుడు దగ్గి డబ్బాలో వేయాలని తనే చేసి చూపించాడు. అదీ గదిలో కాదు, వెనక ఆరుబయట. ఆ కళ్లెకి చేసిన ట్రూనాట్ అనే మెషిన్ పరీక్షలో టీబీ లేదని వచ్చింది, ఎక్స్‌రే కూడా బాగుంది. పరీక్షలకి పైసా తీసుకోలేదు.

చర్మ పరీక్ష మాత్రం పాజిటివ్. ముంజేతి మీద సూది వేసి, 48 నుంచి 72 గంటల్లోపు వచ్చి చూపించమన్నారు. ఎర్రదనాన్ని లెక్కలోకి తీసుకోరట, చేతికి తగిలే గట్టిదనాన్నే స్కేలుతో కొలిచారు. నా గుండె జారిపోయింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పారు: క్రిమి ఒంట్లో చేరింది గానీ జబ్బుగా మారలేదు, ఇలా ఉన్నప్పుడు ఎవరికీ అంటదు, పిల్లాణ్ని నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. ఇలా క్రిమి చేరినవాళ్లలో జీవితకాలంలో నూటికి ఐదు నుంచి పది మందికే జబ్బుగా మారుతుందట. ఆ అవకాశం కూడా తగ్గించడానికి వారానికోసారి చొప్పున 12 వారాలు మాత్రలు రాశారు. మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారుపడొద్దని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు ఆంబులెన్సుకి ఫోన్ చేసేదాన్నే! కళ్లు పచ్చబడినా, వాంతులైనా మాత్రం వెంటనే రమ్మన్నారు.

పెద్దాయన మందులు వాడుతున్నారు, ఒళ్లు చేస్తున్నారు కూడా. నిక్షయ్ పోషణ కింద ప్రభుత్వం నెలకి ఇచ్చే 1000 రూపాయలు ఖాతాలో పడుతున్నాయి. గుడ్లకి, పాలకి ఆసరా అంటున్నారు. మా ఆఫీసులో ఇంకా వెళ్లనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ.

చివరిగా, ఎవరినీ అడక్కుండా స్క్రూడ్రైవర్ తెచ్చి మా గది కిటికీలన్నీ తెరిచిన ఎలక్ట్రీషియన్ బాబాయ్‌కి కూడా థాంక్స్. ఏసీ చల్లదనం పోతోందని సణిగేవాళ్లు సణుగుతున్నారు, సణగనీ బాబాయ్.