ఒకరి డబ్బాలో మరొకరి మాడ్యూల్ ఎందుకు పనిచేయకూడదు?

సంపాదకులకు,

విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చినప్పటి నుంచి భూమి, కరెంటు, నీళ్ల గురించే అందరూ మాట్లాడుతున్నారు. అక్కడి డేటా విజయవాడకో హైదరాబాద్‌కో చేరడానికి కావలసిన ఫైబర్ దారి ఊసు ఎవరూ ఎత్తడం లేదు. కోస్తాలో ట్రాన్స్‌మిషన్ డ్యూటీ, అంటే ఊళ్ల మధ్య టెలికాం లైన్లు నడిపే పని, చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ సంగతి నేను రాస్తున్నాను. అందులోనూ ముఖ్యంగా ఒక కంపెనీ రూటర్‌లో (డేటాను దారి చూపి పంపే డబ్బా) ఇంకో కంపెనీ మాడ్యూల్‌ను (డేటాను వెలుగుగా మార్చి ఫైబర్‌లోకి పంపే ముక్క) పనిచేయనివ్వకపోవడం గురించి.

మా రోజుల్లో దూరం ఊళ్లకు వెలుగు పంపాలంటే స్టేషన్‌లో బీరువాలంతేసి రాక్‌లు ఉండేవి. వెలుగు పల్స్ దూరం పోయేకొద్దీ సాగి పక్కదానిలో కలిసిపోతుంది కదా, దాన్ని సరిచేయడానికి ప్రత్యేకమైన ఫైబర్‌ను చుట్టలు చుట్టి పెట్టేవాళ్లం. ఇప్పుడు దారిలో తగ్గిపోయిన వెలుగును మళ్లీ పెంచే లైన్ యాంప్లిఫయర్లు తప్ప ఆ సరంజామా దాదాపు మొత్తం వేలెడంత మాడ్యూల్‌లోకి వచ్చేసింది. రూటర్ గూట్లో పెట్టి తోస్తే 'టక్' మంటుంది, అంతే. సాగిన సిగ్నల్‌ను లోపలి చిప్పే లెక్కలు కట్టి సరిచేసుకుంటుంది. అంత చిన్నదీ 15, 20 వాట్ల దాకా తాగుతుంది. మే నెలలో ఏసీ ఆగిపోయిన రాజమండ్రి స్టేషన్‌లో దాని అవస్థ మీరే ఊహించుకోండి.

ఓఐఎఫ్ అనే పరిశ్రమ సంస్థ 2020లో తెచ్చిన 400జడ్‌ఆర్ ప్రమాణం ప్రకారం ఇలాంటి మాడ్యూల్ సెకనుకు 400 గిగాబిట్లను, కొసల్లో యాంప్లిఫయర్ పెడితే, 120 కిలోమీటర్ల వరకు పంపుతుంది. విజయవాడ నుంచి ఏలూరుకు అది బోలెడు. విశాఖ దాకా పోవాలంటే ఇంకా ఎక్కువ దూరం పంపే ఓపెన్ జడ్‌ఆర్ ప్లస్ రకం వాడి, దారిలో యాంప్లిఫయర్లు పెట్టుకోవాలి. ఇంకా దూరమైతే వేగాన్ని 300కో 200కో దించుకోవచ్చు.

ఒక కొసన ఒక కంపెనీ మాడ్యూల్, రెండో కొసన ఇంకొకరిది పెట్టినా లింకు రావాలనే ఈ ప్రమాణాలు పెట్టారు. కానీ మాడ్యూల్‌లో చిన్న మెమరీ ఉంటుంది, అందులో తయారీదారు పేరు ఉంటుంది. కొన్ని రూటర్లు ముందు ఆ పేరు చదివి, తమవాడు కాదనుకుంటే పోర్టే ఆన్ చేయవు. సర్వీసులో ఉండగా 10 గిగాబిట్ల మాడ్యూల్‌తో నాకిది ఎదురైంది. లేజర్ బాగుంది, పవర్ మీటర్‌లో రీడింగ్ బాగుంది, స్క్రీన్ మీద మాత్రం 'సపోర్ట్ లేదు' అని వచ్చింది. ఆ రూటర్ కంపెనీ స్టిక్కర్ ఉన్న మాడ్యూల్‌కు కొటేషన్ తెప్పిస్తే ధర కొన్ని రెట్లు ఎక్కువ.

పరాయి మాడ్యూల్ పెట్టి లింకు పడిపోతే బాధ్యత ఎవరిదని కంపెనీలు అడుగుతాయి. అందులో కొంత న్యాయం ఉంది. రెండు కొసలా ఒకే మోడ్ (వేగం లాంటి సెట్టింగులు) సెట్ చేయకపోతే లింకు రాని మాట నిజమే. అయితే సరుకు దించుకునే ముందే రెండు మూడు కంపెనీల మాడ్యూళ్లు పెట్టి పరీక్షించుకుంటే ఆ గొడవ అక్కడే తేలిపోతుంది. ఓఐఎఫ్ కూడా అంతర్జాతీయ ప్రదర్శనల్లో వేర్వేరు కంపెనీల పరికరాలను కలిపి నడిపి చూపిస్తూనే ఉంది.

అందుకే ప్రజల డబ్బుతో వేసే ఫైబర్ నెట్‌వర్క్ టెండర్లలో ఈ షరతు రాయాలని కోరుతున్నాను: ప్రమాణానికి లోబడిన ఏ మాడ్యూల్‌నైనా రూటర్ ఒప్పుకోవాలి, ఆ పరీక్ష పాసైతేనే బిల్లు. రూటర్ కొన్న పాపానికి పదేళ్లపాటు మాడ్యూళ్లన్నీ ఆ ఒక్కరి దగ్గరే, వాళ్లు చెప్పిన రేటుకే కొనాల్సిన ఖర్మ మనకెందుకు?

పనిలో పనిగా ఇంకోటి. ఫైబర్‌లో వెలుగు పోయే దారి 9 మైక్రాన్లే, వెంట్రుక కన్నా చాలా సన్నం. ఖరీదైన మాడ్యూల్ కొని, కనెక్టర్ కొసను చొక్కా అంచుతో తుడిచి గుచ్చే కుర్రాళ్లను చూశాను. అదే టెండర్‌లో ప్రతి స్టేషన్‌కూ క్లీనింగ్ పెన్ను, కొసను పెద్దగా చూపే స్కోపు కూడా చేర్చండి. మాడ్యూల్ ధర ముందు వాటి ఖర్చు లెక్కలోకే రాదు.

— విశ్రాంత టెలికాం ఇంజనీరు, రాజమహేంద్రవరం