చెనక్కాయ వేశారో లేదో చెప్పడానికి ఏం కష్టం?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పిల్లల ఫుడ్ అలర్జీల మీద వేసిన ఆర్టికల్ చదివాను, బాగానే ఉంది కానీ ఇదేదో ఫారిన్ జబ్బు, మనవాళ్లకి రాదు అన్నట్టు ఒక మాట రాశారు, దాని గురించే ఈ ఉత్తరం. మాది ధర్మవరం దగ్గర పల్లె, వేరుశెనగని మేం చెనక్కాయ అంటాం. పచ్చికాయ ఉడకేసుకుని తినేది, ఎండినవి వేయించి బెల్లంతో తినేది, చట్నీలోకి, వంకాయ కూరలోకి పొడి, చెనక్కాయ లేని రోజు మా ఇంట్లో ఉండదు. అట్లాంటి ఇంట్లో మా కూతురి కొడుక్కి చెనక్కాయ పడదు. అమెరికాలో పుట్టాడు, ఇప్పుడు పదకొండేళ్లు. ఈ సంగతి మొదట చెప్పినప్పుడు వాళ్లవ్వ నమ్మలేదు, "చెనక్కాయ తిని ఎవురన్నా చస్తారా, అక్కడి డాక్టర్లు బెదరగొట్టింటారులే" అనింది. నేనూ లోపల అదే అనుకున్నా, అబద్ధమెందుకు.

పోయిన ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడు ఒక పెళ్లికి పోయినాం. మా అమ్మాయి నేరుగా వంటమేస్త్రి దగ్గరికే పోయి కుర్మాలో చెనక్కాయ ఏమన్నా వేశారా అని అడిగింది. "లేదమ్మా అంతా జీడిపప్పే" అన్నాడు. పిల్లోడు నాలుగు ముద్దలు తిన్నాడో లేదో పెదాలు వాచినాయి, ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, ఆ వెంటనే ఊపిరిలో పిల్లికూతలు. మా అమ్మాయి బ్యాగులోంచి పెన్ను లాంటి ఇంజెక్షన్ తీసి ప్యాంటు మీదనే తొడకి గుచ్చింది, అడ్రినలిన్ అంట, అది లేకుంటే ఆ రాత్రి ఏమయ్యేదో తల్చుకోను. తర్వాత తెలిసింది జీడిపప్పు పేస్టులో సగం చెనక్కాయేనని. రెండిటి రేట్లు తెలిసినవాళ్లకి ఎందుకు కలిపినారో చెప్పక్కర్లేదు. ఆయనేం విషం పెట్టాలని పెట్టలేదు, ఎన్నో ఏళ్లుగా అట్లనే వండుతున్నాడు, ఎవరికీ ఏం కాలేదు, అందుకే అంత ధైర్యంగా లేదు అన్నాడు.

నేను రిటైరైన సైన్స్ టీచర్ని, టైముంది కాబట్టి అప్పట్నుంచి దొరికిందల్లా చదివాను. చెనక్కాయ గింజలో దాదాపు నాలుగో వంతు ప్రొటీనే, మొలక కోసం గింజ దాచుకున్న సద్ది అది. అందులో అలర్జీ తెచ్చేవని గుర్తించినవి పదిహేనుకు పైనే ఉన్నాయి, వాటిలో అరా హెచ్ 2, అరా హెచ్ 6 అనే రెండు చిన్న ప్రొటీన్లు కడుపులో కూడా తొందరగా విరగవు, అసలు తంటా వాటితోనే. నూనె లేకుండా వేయిస్తే ఈ అలర్జీ తెచ్చే గుణం ఇంకా పెరుగుతుందని, ఉడకేస్తే కొంత ప్రొటీన్ నీళ్లలోకి దిగి తగ్గుతుందని కూడా తేల్చారు. ఇది వినగానే మా ఆవిడ "అయితే వాడికి ఉడకేసి పెడదాం" అనింది! తగ్గడం వేరు, పోవడం వేరు, ఇంట్లో ఎవరూ ఈ ప్రయోగం చెయ్యకండి. రిఫైన్డ్ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు గానీ ఇప్పుడు అందరూ ఎగబడుతున్న గానుగ నూనెలో కొంత మిగులుతుంది, అదీ గుర్తుపెట్టుకోవాలి.

మనవాళ్లకి రాదు అన్నారే, కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసిన సర్వేలో రక్తపరీక్షలో ఏదో ఒక తిండికి పాజిటివ్ వచ్చినవాళ్లు 26.5 శాతం, నిజంగా అలర్జీ ఉందనుకోదగ్గవాళ్లు 1.2 శాతం. తేడా చూడండి, ల్యాబుల వాళ్లు అమ్మే ప్యాకేజీ టెస్టు చూసి తిండి మానేసేవాళ్లు కూడా చూడాలి. కానీ ఆ 1.2 లెక్కే ఇక్కడా అనుకుంటే వెయ్యి మంది భోంచేసే పెళ్లిలో పన్నెండు మంది. చెనక్కాయకే కాకపోవచ్చు, ఏదో ఒకదానికి.

ఇట్లా రాశానని చంటిపిల్లలకి చెనక్కాయ మాన్పించకండి, అది ఇంకా పెద్ద తప్పు. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అలర్జీ వచ్చే అవకాశమున్న పిల్లలకి మూడేళ్ల దాకా పెట్టొద్దని సలహా ఇచ్చింది, 2008లో వెనక్కి తీసుకుంది, కానీ ఆ మాట జనం నోళ్లలోంచి పోలేదు, మా అమ్మాయి కూడా అదే పట్టుకుంది. 2015లో లండన్ వాళ్ల స్టడీ వచ్చింది, ఎగ్జిమా (చర్మం దురద జబ్బు) బాగా ఎక్కువగానో గుడ్డు అలర్జీనో ఉన్న 640 మంది పసిపిల్లలని తీసుకుని సగం మందికి చెనక్కాయ పెట్టారు, సగం మందికి మాన్పించారు. మొదట్లో చర్మం టెస్టు నెగటివ్ ఉన్నవాళ్లలో, అయిదేళ్లు వచ్చేసరికి మాన్పించినవాళ్లలో 13.7 శాతానికి అలర్జీ, పెట్టినవాళ్లలో 1.9 శాతానికే. అట్లని గింజలు నోట్లో పొయ్యకండి గొంతుకడ్డం పడతాయి, మెత్తగా పేస్టు చేసి, ఒంటిమీద ఎగ్జిమా ఉంటే డాక్టర్ని అడిగి.

మా పక్కన కదిరి రీసెర్చ్ స్టేషన్ నుంచి కె-6 లాంటి మంచి రకాలు వచ్చాయి, పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ విత్తనాలు దాచే జీన్ బ్యాంకులో 15 వేలకు పైగా చెనక్కాయ రకాలున్నాయి, నూనె గుణం మార్చి గిర్నార్-4, గిర్నార్-5 అనే రకాలు తెచ్చారు. కానీ అలర్జీ రాని రకం కోసం ప్రొటీన్ మార్చడం అంత సులువు కాదు, ఒకటి తీస్తే ఇంకా చాలా ఉంటాయి. అందుకే పొలంలో పరిష్కారం వచ్చేదాకా వంటింట్లో నోరు తెరిచి నిజం చెప్పాలి. ప్యాకెట్ మీద చెనక్కాయ, జీడిపప్పు లాంటివి ఉంటే రాయాలని 2020 రూల్స్‌లో ఉంది, 10, అంతకు పైన బ్రాంచీలున్న పెద్ద హోటళ్లు మెనూలోనూ చెప్పాలి. మరి వీధి చివర మిఠాయి కొట్టు, పెళ్లి వంటలవాళ్లు? కాజూ బర్ఫీ ట్రే పక్కన ఒక అట్టముక్క మీద "చెనక్కాయ కలిసింది" అని రాయడానికి ఎంత ఖర్చవుతుంది? ఫుడ్ సేఫ్టీ వాళ్లు దీన్ని కల్తీ కేసుగా మాత్రమే చూస్తున్నారు, ప్రాణం కేసుగా చూడాలి. అడ్రినలిన్ పెన్నులు ఇక్కడ సులభంగా దొరకవు గానీ టీకాలు వేసే ఏఎన్ఎం అక్క కిట్టులో అదే మందు ఆంప్యూల్ (చిన్న గాజు బుడ్డి) ఉంటుంది, అది ఎక్కడ దొరుకుతుందో ప్రతి బడి హెడ్మాస్టరుకీ తెలిసుండాలి.

బడి అంటే ఒకటి చెప్పాలి. 2020లో మధ్యాహ్న భోజనంలో చెనక్కాయ చిక్కీ మొదలైనప్పుడు ఆరో క్లాసు పిల్లోడొకడు "నాకొద్దు సార్, గొంతు దురద పెడుతుంది" అన్నాడు, నేను సాకులు చెప్తావా అని నిలబడి తినిపించాను. మొన్న వాళ్ల నాయన సంతలో కనపడితే అడిగినా. ఇప్పటికీ అట్లే ఉందంట సార్, డాక్టరుకి చూపించలేదు, వాడే పక్కకి తీసి పెట్టేస్తాడు అన్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
ధర్మవరం