చెరువు గట్టు ధరలు సరే, చెరువు సంగతో?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ స్థిరాస్తి పేజీలో బెంగళూరులోని బెళ్లందూరు, వర్తూరు చెరువుల చుట్టుపక్కల ఫ్లాట్ల ధరలపై వ్యాసం వచ్చింది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

చెరువు కనిపించే ఫ్లాటుకు గిరాకీ ఎంత, అంతస్తు పెరిగేకొద్దీ చదరపు అడుగుకు ఎంత ఎక్కువ, రాబోయే మెట్రోతో ఇంకెంత పెరుగుతుంది, అన్నీ రాశారు. అసలు చెరువు ఎలా ఉందో ఒక్క వాక్యం లేదు. పక్కనే ఆ ప్రాంతపు అపార్టుమెంట్ల ప్రకటన. ఏది వ్యాసమో ఏది ప్రకటనో పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

'బాల్కనీలోకి వీచే చల్లని చెరువుగాలి' అన్నారు. ఆ గాలి మహిమ మాకు తెలుసు. తోమి పెట్టిన వెండి కుందులు వారం తిరగకుండానే నల్లబడతాయి. ఏసీ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు లోపలి రాగి గొట్టం విప్పి, పచ్చగా పొడిరాలుతున్న చోటు వేలితో చూపించి, "ఈ వైపు అందరి ఇళ్లలో ఇదే సార్" అని కొత్తదానికి బిల్లు రాశాడు. చదరపు అడుగు రేటులో ఇది కలవదు కాబోలు.

2015లో మా బెళ్లందూరు చెరువు నురగకు నిప్పంటుకుంది. 2017లో మళ్లీ మంటలు. 2018 జనవరిలో ఆర్పడానికి సైనికులే దిగారు. ఆ తర్వాత పూడిక తీత మొదలుపెట్టారు, కాదనను. కానీ పైనుంచి మురుగు వస్తూనే ఉంటే ఎంత తవ్వి ఏం లాభం? ఫిర్యాదు చేస్తే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెబుతుంది. 2025 సెప్టెంబరులో నగరానికి ఒక్క కార్పొరేషను పోయి అయిదు వచ్చాయి. చెప్పుకోవడానికి గుమ్మాలు పెరిగాయి, అంతే.

ఇక హద్దు సంగతి. మాస్టర్ ప్లాన్ ప్రకారం చెరువు అంచు నుంచి 30 మీటర్లు వదలాలి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 75 చేసింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి మళ్లీ 30కి తెచ్చింది. కాగితం మీద గీత ముందుకూ వెనక్కూ జరిగింది. నీళ్లు ఆ తీర్పులు చదవలేదు. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు వైపు కోట్ల విలువైన విల్లాల నుంచి జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తెచ్చారు. 2024 వేసవిలో అదే నగరంలో ట్యాంకరు ధరకు అధికారులు పరిమితి పెట్టాల్సి వచ్చింది. ముందు గేటు ఎదుట చెరువు, వెనక గేటు దగ్గర ట్యాంకరు!

మన ఊళ్లలో అలుగు పారే దారిలో ఇల్లు కడతానంటే చదువురాని పెద్దలు కూడా అడ్డుపడేవారు. నెల్లూరులోనో కడపలోనో పొలం అమ్ముకుని వచ్చి, పిల్లల కోసమని ఇక్కడ అదే దారిలో కొంటున్నాం. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. బతికున్న చెరువులకైనా అపార్టుమెంటు బోర్డు మీద పేరు మిగులుతోంది, సంతోషం.

ప్రభుత్వానికి మాత్రం ఎటుచూసినా లాభమే. 2023 అక్టోబరులో భూముల మార్గదర్శక విలువ, అంటే రిజిస్ట్రేషనుకు లెక్కగట్టే కనీస ధర, పెంచింది. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషను రుసుం 1 శాతం నుంచి 2 శాతం చేసింది. కోటి రూపాయల ఫ్లాటుకు ఒక్క సంతకంతో లక్ష అదనం. ఆ లక్షలో చెరువుకు ఎంత వెళ్తుందో మీ విలేకరి ఎప్పుడైనా అడిగారా?

ఇకపై ధరలు వేసినప్పుడు పక్కనే ఇవి కూడా వేయండి: చెరువు అంచు నుంచి ఆ భవనం ఎన్ని మీటర్లు, రాజకాలువ (వాననీరు పారే పెద్ద కాలువ) ఎటు పోతుంది, ఆ భవనం మురుగు ఎక్కడ కలుస్తుంది, కావేరి నీళ్లా ట్యాంకరా, 2022లో ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి. ప్రకటనలిచ్చేవారు నొచ్చుకుంటారనుకుంటే, ఆ పేజీ పైన 'ప్రకటన' అని చిన్న అక్షరాల్లో వేయండి. మిగతాది కొనేవాళ్లు చూసుకుంటారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
బెళ్లందూరు, బెంగళూరు